బాటపువ్వు, గుట్టపువ్వు

కాలేజీలో ఆమెను ఎండుపూలమ్మ అనేవాళ్ళు. ముఖం మీద అనేవాళ్ళు కాదు గానీ ఆమె చెవిన పడుతూనే ఉండేది. పడినా నొచ్చుకునేది కాదు. చేసే పని అదే కదా అనుకునేది.

వృక్షశాస్త్రం డిపార్ట్‌మెంటులో రెండో అంతస్తు చివరి గది ఆమెది. గోడ పొడవునా పదకొండు ఇనప బీరువాలు. ఏ తలుపు తీసినా కలరా ఉండల వాసన ముక్కు పుటాలు అదరగొట్టేది. పిల్లలూ మేష్టర్లూ గట్లూ పుట్టలూ తిరిగి పీక్కొచ్చిన మొక్కల్ని పాత పేపర్ల మధ్య పరిచి, రెండు చెక్కల నడుమ పెట్టి బెల్టులు బిగించి, రోజూ తడి పేపర్లు తీసి పొడివి పెట్టి, ఎండాక దళసరి అట్ట మీద అతికించి, కింద కుడి మూలన చీటీ అంటించడం ఆమె ఉద్యోగం. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, జిగురు తనే చేసుకునేది. సన్నటి మొక్కలు జిగురుకే కరుచుకుంటాయి. లావుపాటి వేళ్ళూ కొమ్మలూ మాత్రం మాట వినవు. వాటిని సూదీ దారంతో అట్టకు కుట్టాలి.

ఆ పని మొదట ఆమె భర్తది. పెళ్ళయిన ఆరో ఏట అతను జ్వరంతో పోతే ఆ కుర్చీ ఆమెకిచ్చారు. చదివింది పదో తరగతి. పిల్లల్లేరు. ఉన్నదల్లా తమ్ముడు. తల్లి పోయేనాటికి ఆమెకు పదహారు, వాడికి ఏడు. పెళ్ళయి అత్తారింటికి వెళ్తూ వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళింది. భర్త ఏమీ అనలేదు. ఆ ఒక్కందుకు ఆయన్ని తలుచుకోని రోజు లేదు ఆమెకు. తమ్ముడికి చదువు ఒంటబట్టలేదు, స్టీరింగు ఒంటబట్టింది. ఊరికి ఉత్తరాన ఉన్న రాతిగుట్ట క్వారీలో టిప్పర్ తోలేవాడు. వాడూ, వాడి పెళ్ళామూ, ఆమె, ముగ్గురూ రెండు గదుల ఇంట్లో సర్దుకున్నారు.

ఉద్యోగంలో చేరిన పన్నెండో ఏట ఆమెకు ఒక చిన్న అనుమానం వచ్చింది.

చామంతి కుటుంబంలో ఒక పసుపు గడ్డిపువ్వు ఉంది. బస్టాండు గోడ పక్కన, మురుక్కాలవ గట్టున, ఆటస్థలం కంచె కింద, ఎక్కడ కాలు పెట్టినా అదే. ఏటా కొత్తగా చేరిన పిల్లలు తెచ్చే మొదటి మొక్క అదే కాబట్టి బీరువాలో దాని అర పొంగి పొర్లుతుండేది. ఆ ఏడు వాటిని అతికిస్తుంటే, కొన్ని అట్టలకే జిగురు సరిపోతోందనీ, కొన్నింటికి వేరు కుట్టక తప్పడం లేదనీ ఆమెకు తట్టింది. పాతవి బయటికి తీసి చూసింది. భర్త అతికించిన వాటిల్లోనూ అంతే. కుట్టినవన్నీ ఒక పక్క, కుట్టనివన్నీ ఒక పక్క పేర్చి చీటీలు చదివింది. కుట్టినవన్నీ రాతిగుట్ట నుంచి వచ్చినవి. కుట్టనివి మిగతా ఊరంతటి నుంచీ వచ్చినవి.

భూతద్దం తీసుకుని కూర్చుంది. చామంతి రకం పువ్వు చూపుకు ఒకటే గానీ నిజానికి అది ఒక గుంపు. చుట్టూ ఉన్న ఒక్కో రేకా ఒక పువ్వే, నడుమ బొడ్డులో కనిపించే ఒక్కో చుక్కా ఒక పువ్వే. పిల్లలకు మేష్టర్లు చెప్తుంటే విని నేర్చుకున్న సంగతి అది. కుట్టనివాటికి ఎనిమిది రేకలు, రేక కొసన మూడు నొక్కులు. కుట్టినవాటికి అయిదే రేకలు, రెండే నొక్కులు. మొదటిది ఎండితే రంగు వెలిసి గడ్డిలా అయిపోతుంది. రెండోది రాగిరంగుకు తిరుగుతుంది. మొదటిదాని గింజకు తెల్లటి కుచ్చు ఉంటుంది, ఊదితే వీధి దాటిపోతుంది. రెండోదాని గింజ బోడిది. రాలితే తల్లి మొక్క కాళ్ళ దగ్గరే పడుతుంది. తనకోసం తనే పేర్లు పెట్టుకుంది: బాటపువ్వు, గుట్టపువ్వు. ఒక పాత హాజరు పుస్తకం వెనక పేజీల్లో ఇవన్నీ రాసుకోవడం మొదలుపెట్టింది.

ఉండబట్టలేక డిపార్ట్‌మెంటు పెద్దసారుకు చెప్పింది. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, ఇదంతా మట్టి తేడా అనీ, రాళ్ళలో పెరిగితే వేరు లావెక్కుతుందనీ, పేరు ఒకటే, మొక్క ఒకటే, అర ఒకటే అనీ చెప్పి, జిగురు మాడకుండా చూసుకోమన్నాడు. నవ్వాడు కూడా.

మట్టి తేడానా కాదా చూద్దామని ఆమె ఒక ఆదివారం గుట్టకు వెళ్ళింది. గుట్ట మొదట్లో టిప్పర్లు తిరిగే దారి అంచున బాటపువ్వూ ఉంది, గుట్టపువ్వూ ఉంది. జానెడు దూరంలో, ఒకే రాతిమట్టిలో, భుజం భుజం రాసుకుంటూ. అయినా దేని రేకలు దానివే, దేని వేరు దానిదే. అటూ ఇటూ కాని మొక్క ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు. దారి దాటి పైకెక్కితే బాటపువ్వు ఆగిపోయింది. పైభాగమంతా రాతి పగుళ్ళలో గుట్టపువ్వే. మధ్యాహ్నానికి కింద బాటపువ్వులు ముడుచుకున్నాయి. పైన గుట్టపువ్వులు పొద్దు వాలేదాకా విచ్చుకునే ఉన్నాయి. అదీ రాసుకుంది. అలా తొమ్మిదేళ్ళు రాసింది. మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఒకసారి పూచికపుల్లలా తీసిపారేశాక రెండోసారి చెప్పే అలవాటు ఆమెకు లేదు.

తొమ్మిదో ఏట చిన్నమేడమ్ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఏడాదికోసారి కాగితం మార్చి ఉంచుకునే తాత్కాలిక ఉద్యోగం. మిగతా మేష్టర్లు గుమ్మం దగ్గర నిలబడి పని చెప్పి పోయేవాళ్ళు. ఈ పిల్ల లోపలికొచ్చి, స్టూలు లాక్కుని పక్కన కూర్చునేది. ఒకరోజు పేపర్ల కట్ట మీద బరువుగా పెట్టిన హాజరు పుస్తకం తీసి తిరగేసింది. తిరగేస్తూ తిరగేస్తూ నిలబడిపోయింది. ఇంటికి తీసుకెళ్ళవచ్చా అని అడిగింది. నాలుగు రోజుల తర్వాత తెచ్చి, బల్ల మీద మెల్లగా పెట్టి, "అమ్మా, ఇవి రెండు వేరువేరు మొక్కలు. మీకు తెలుసు. నాకూ ఇప్పుడు తెలిసింది. మన గుట్టది ఏ పుస్తకంలోనూ లేదు," అంది.

ఇరవై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో తను చెప్పింది నిజమని ఒకరు అనడం ఆమెకు అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ రెండు వీధులు ముందుకు వెళ్ళిపోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఆ ఏడాదంతా ఇద్దరూ కలిసి గుట్టెక్కారు. చిన్నమేడమ్ గింజలు తెచ్చి కాలేజీ కుళాయి వెనక కుండీల్లో చల్లింది. బాటపువ్వు నెలకే గుబురు కట్టింది. గుట్టపువ్వు వంద గింజలకు మూడు మొలిచి, వేలెడు ఎత్తులో ఆగి, ఎండిపోయింది. రాయి వదిలి బతకదని తేలింది. గింజ ఎగరదు కనక ఇంకో చోటికి పోయే దారీ లేదు. అప్పుడే క్వారీ కంపెనీ గుట్ట పైభాగం కూడా తవ్వుకుంటామని అనుమతి అడిగిందని తెలిసి, చిన్నమేడమ్ గనుల ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఈ మొక్క ఇక్కడ తప్ప ఎక్కడా లేదు, పరిశీలన పూర్తయ్యేదాకా రెండేళ్ళు ఆపండి అని. రాసేముందు ఆమెకు చదివి వినిపించింది కూడా. ఆమె తలూపింది. గుట్ట అంత పెద్దది కదా, పైభాగం వదిలేస్తే ఎవరికి నష్టంలే అనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

నెల తిరక్కుండా ఆ సంగతి తమ్ముడి నోటి వెంట విన్నది. చీకటి పడే వేళ, కంచాల ముందు కూర్చున్నారు. ఎవరో కాలేజీ మేడమ్ గడ్డిపువ్వు కోసం క్వారీ ఆపమని రాసిందట, మనవాళ్ళు పగలబడి నవ్వుతున్నారు అని తనూ నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. కింద రాయి అయిపోయిందనీ, పైభాగం దొరక్కపోతే మూసేయడమేననీ, నలభై మందినీ పంపించేస్తారనీ చెప్పాడు. పేలుళ్ళ మోతకు అప్పటికే వాడి కుడిచెవి సగం పోయింది. "ఈ చెవితో ఈయనకు ఇంకెవడిస్తాడు వదినా బండి," అని మరదలు ఎటో చూస్తూ వేళాకోళమాడబోయింది. మాట తడబడింది.

వాడు అక్కను ఏమీ అడగలేదు. అడగడానికి వాడికి తెలిస్తే కదా. ఆ ఉత్తరం వెనక ఉన్నది తన అక్క హాజరు పుస్తకమని వాడికి తెలియదు. చెప్పాలని మాట ఆమె నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేసి కంచం తీసుకుని లేచింది.

గనుల ఆఫీసు ముగ్గురితో ఒక కమిటీ వేసింది. వాళ్ళు కాలేజీకి వచ్చి అట్టలు చూస్తామన్నారు. ముందురోజు పెద్దసారు ఆమె గదికి వచ్చాడు. బీరువాల వైపు చూస్తూ, రేపు నిన్నూ పిలవొచ్చు, తెలిసింది చెప్పు, తెలియనిది తెలియదనడంలో తప్పేమీ లేదు, చదువుకున్నవాళ్ళ గొడవల్లో తలదూర్చి ఉన్న కుర్చీ పోగొట్టుకోవద్దు అని, మెత్తగా, తండ్రిలాగా చెప్పి వెళ్ళాడు. ఆమెకు కుర్చీ సంగతి పట్టలేదు. తమ్ముడి చెవే కళ్ళ ముందు ఆడింది.

కమిటీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది. పెద్దసారు మట్టి తేడా అన్నాడు. చిన్నమేడమ్ గంటసేపు చెప్పింది. చివరికి, ఈ తేడా మొదట కనిపెట్టింది నేను కాదు, మొక్కలు అతికించే అమ్మ, తొమ్మిదేళ్ళుగా రాసింది, ఆమెనే అడగండి అంది. అంత నమ్మకంగా అంది.

పిలిచారు. కమిటీ పెద్దమనిషి చీటీలు కనపడకుండా కాగితం కప్పి రెండు అట్టలు ఆమె ముందు పెట్టాడు. అతను చెడ్డవాడేమీ కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు కూడా. ఇవి రెండూ ఒకటేనా, వేరువేరా అని అడిగాడు. ఆమె అట్టల వైపు చూడనవసరమే లేకపోయింది. గది అవతలి గోడ దగ్గర నిలబెట్టినా చెప్పగలదు.

"ఒకటేనండి," అంది.

మరి ఈ పుస్తకంలో రాసిందంతా ఏమిటని అతను అడిగాడు. ఆమె ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే బాగుండేది. పొరపాటు పడ్డానండి అని ఉన్నా సరిపోయేది. కానీ ఒక అబద్ధం ఆడాక దాన్ని నిలబెట్టడానికి చేతికి ఏది దొరికితే అది తీసుకుంది.

"నాకేం తెలుసండీ. మేడమ్ గారు ఏది రాయమంటే అది రాశాను."

పెద్దసారు కిటికీ వైపు చూశాడు. కమిటీవాళ్ళలో ఒకాయన పుస్తకం మూసి పక్కకు జరిపాడు. ఆ పుస్తకంలో తేదీలున్నాయి, చిన్నమేడమ్ ఈ ఊరికి రావడానికి ఎనిమిదేళ్ళ ముందటివి. ఎవరైనా ఆమె రాత మొదలైన పేజీ తిప్పి చూస్తే తేలిపోయేది. తేదీలు చూడండని చిన్నమేడమ్ అన్నా ఎవరూ తిప్పలేదు.

బయట వరండాలో చిన్నమేడమ్ ఆమె దగ్గరికి వచ్చింది. అరవలేదు. ముఖం పాలిపోయి ఉంది.

"రేకలు లెక్కపెట్టింది మీరే కదమ్మా?"

"గుర్తులేదు మేడమ్," అని తల దించుకుని మెట్లు దిగిపోయింది.

దొంగలెక్కలు పుట్టించిందని, కింది ఉద్యోగి చేత అబద్ధం రాయించిందని కమిటీవాళ్ళు చిన్నమేడమ్ మీద రాశారు. ఆ ఏడు కాగితం మార్చలేదు. ఖాళీ చేసి వెళ్తున్న రోజు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అన్నా ఆమెకు కాస్త తేలికయ్యేది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళింది.

గుట్ట పైభాగం పదహారు నెలల్లో పోయింది, బళ్ళ కోసం వెడల్పు చేసిన దారి అంచున ఉన్న గుట్టపువ్వులతో సహా. ఆ పదహారు నెలల్లో ఆమె వీలైన ప్రతి ఆదివారమూ వెళ్ళింది. రాతి పగుళ్ళలోంచి గునపంతో పెళ్ళగిస్తే వేరు సగానికి విరిగేది. విరగని నాలుగింటిని తెచ్చి డబ్బాల్లో రాళ్ళు నింపి పాతిపెట్టింది. కుళ్ళిపోయాయి. గింజలు ఏరి దోసిళ్ళకొద్దీ ఊరి చుట్టూ ఉన్న ఇతర గుట్టల మీద చల్లి వచ్చింది. ఏ గుట్ట మీదా ఏదీ రాలేదు. చివరిసారి వెళ్ళినప్పుడు కాపలావాడు లోపలికి పోనివ్వలేదు. పేలుడు టైమన్నాడు.

తమ్ముడి ఏ ఉద్యోగం కోసమైతే ఆ అబద్ధం ఆడిందో ఆ ఉద్యోగం అయిదు నెలలు కూడా నిలవలేదు. పైభాగానికి కంపెనీ పెద్ద బళ్ళు దింపింది. నాలుగు టిప్పర్ల పని ఒక్క బండి చేసేది. డ్రైవర్లను వడగట్టడానికి చెవి పరీక్ష పెట్టారు. మొదటి వరసలోనే తమ్ముడు బయటికొచ్చాడు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, తర్వాత ఒక ఆసుపత్రి కార్ల పార్కింగులో విజిలూదే పనికి కుదిరాడు. ఊదిన విజిలు తనకే సరిగ్గా వినపడేది కాదు.

ఆరేళ్ళు గడిచాయి. ఒక పొద్దున ఎక్కడినుంచో ఒక పరిశోధకుడు వచ్చాడు. దేశదేశాలు తిరిగి చామంతి కుటుంబాన్నే చూస్తున్న మనిషి. ఆ పసుపు గడ్డిపువ్వు అర మొత్తం కిందికి దించమన్నాడు. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి అట్టలు రెండు దొంతరలయ్యాయి. ఆమె దూరం నుంచే చూసింది. ఆమె పేర్చినట్టే, ఒక్కటి కూడా తారుమారు కాకుండా పేర్చాడు. కళ్ళు మెరుస్తుండగా, ఈ రెండోది ఎక్కడ దొరుకుతుందమ్మా, ఇప్పుడే వెళ్దాం పదండి అన్నాడు.

ఆటోలో తీసుకెళ్ళింది. గుట్ట ఉన్నచోట పెద్ద గొయ్యి, అందులో పచ్చటి నీళ్ళు. క్వారీ కూడా మూతబడి రెండేళ్ళయింది. దారి అంచున బాటపువ్వు మాత్రం విరగబూసి ఉంది. అతను గొయ్యి అంచుదాకా వెళ్ళి కిందికి చూశాడు. ఎవరూ చూడలేదా, ఎవరూ చెప్పలేదా అని అడిగాడు. అప్పుడు ఆమె చెప్పింది. హాజరు పుస్తకం, చిన్నమేడమ్, కమిటీ, తనన్న రెండు మాటలూ, ఏదీ దాచకుండా. అతను రాసుకుంటున్న పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మొక్కకు పేరు పెట్టేటప్పుడు చిన్నమేడమ్ పేరు కలపమని ఆమె బతిమాలింది. అతను ఒప్పుకుని, ఆచూకీ తీసి రాశాడు. చిన్నమేడమ్ ఎక్కడో ట్యూషన్ సెంటర్లో చిన్నపిల్లలకు లెక్కలు చెప్తోందట. చిన్నమేడమ్ పంపిన జవాబును అతను ఫోనులో ఆమెకు చదివి వినిపించాడు. "అది బతికుండగా నా మాట దానికి పనికి రాలేదు. పోయాక నా పేరు దానికెందుకు. దయచేసి పెట్టకండి." అంతే రాసింది. ఎండుపూలమ్మ ఎలా ఉందని అడగలేదు. ఇప్పుడు లేని ఆ గుట్ట పేరే అతను మొక్కకు పెట్టాడు. వ్యాసం చివర, బీరువాలు చూడనిచ్చినందుకు పెద్దసారుకు కృతజ్ఞతలు చెప్పాడు. పెద్దసారు ఆ పేజీకి ఫ్రేము కట్టించి తన గదిలో తగిలించుకున్నాడు.

ఆ ఫ్రేము చూసిన రోజు సాయంత్రమే ఆమె తమ్ముడితో చెప్పేసింది. వాకిట్లో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. మెల్లగా మొదలుపెట్టింది. ఏంటక్కా, ఏంటక్కా అని చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మూడోసారి అరవాల్సి వచ్చింది. నీ ఉద్యోగం కోసం అబద్ధం చెప్పానురా, ఒక ఆడపిల్ల బతుకు పాడుచేశాను అని అరిచేసరికి పక్కింటివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

అర్థమయ్యాక వాడు చేతిలోని బూటు పక్కన పెట్టాడు.

"నేనడిగానా అక్కా?" అన్నాడు.

"లేదు."

"మరి నా మీద ఎందుకు పెడతావ్?"

ఆమె వాడి కోసమే చేశాననుకుంది ఇన్నాళ్ళూ. వాడు వద్దంటున్నాడు. వాడు తీసుకోకపోతే ఆ పని ఎవరి కోసం చేసినట్టో ఆమెకు తెలియలేదు. వాడు ఆ పూట తినకుండా లేచి వెళ్ళాడు. తర్వాత మామూలుగానే ఉన్నాడు. అక్కా అనే పిలిచేవాడు, మందులు తెచ్చేవాడు. అయితే ఆమె ఉన్న గదిలో వాడు తనంతట తాను మాట మొదలుపెట్టడం మానేశాడు. చెవి వల్లేనని మరదలు సర్దిచెప్పేది.

రిటైరయ్యేదాకా ఇంకో నాలుగేళ్ళు ఆమె ఆ గదిలోనే పనిచేసింది. వ్యాసం వచ్చాక పిల్లలు ఆ అట్టలు చూపించమని వచ్చేవాళ్ళు. రెండూ పక్కపక్కన పెట్టి, భూతద్దం వాళ్ళ చేతికిచ్చి, రేకలు లెక్కపెట్టించేది, నొక్కులు చూపించేది, గింజ కుచ్చు చూపించేది. ఓపిగ్గా, ఒక్క ముక్క వదలకుండా చెప్పేది. ఇంత తేడా ఉంటే అప్పట్లో ఎవరికీ తెలియలేదా అని ఏటా ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. తెలుసు అనేది. ఆ తర్వాత అట్టలు తీసి బీరువాలో పెట్టి తాళం వేసేది.